గేటు పడితేనే బేరం

డోన్ రైలు గేటు పక్కన తిమ్మయ్యకు మిరపకాయ బజ్జీల అంగడి ఉంది. గేటు పడితేనే ఆయనకు బేరం. అక్కడ వంతెన కడతారని ఊరంతా సంబరపడుతుంటే ఆయనకు మాత్రం కడుపు మండిపోతోంది.

గేటు ఎదురుగా నెట్ సెంటర్ పెట్టిన అక్క కొడుకు భూపేష్, ఊళ్లు కట్టే కంప్యూటర్ ఆటలో డోన్‌ను అంగడితో సహా దించాడు. నెట్‌లో ఎవరో తయారుచేసి పెట్టిన మార్పులు ఆ ఆటకు అతికించాడు కాబట్టి, రోడ్డుకు ఎన్ని బండ్లు పట్టాలో ఆడేవాడే పెట్టుకోవచ్చు.

"తక్కువా, మధ్యరకమా, ఎక్కువా, మామా?"

"తక్కువ పెట్టప్పా. బండ్లు ఆగితేనే గదా తినేది!"

బండ్లు చీమలబారులా ఆగిపోయాయి. కాసేపటికి అంగడి మూతపడింది.

"ఇదేందిరా?"

"అంగడి కాడికి ఎవురూ రాలేకపోతాండారు మామా. ఎక్కువ పెడతా, సూడు."

ఈసారి బండ్లు జోరుగా సాగాయి. బండ్లు బారు కట్టకపోయినా అంగడి మేడయింది. తిమ్మయ్య మొహం మాడింది.

"గేటు కాడ నిలబడి బజ్జీ తినని జనం యాడన్నా ఉంటారా? వాళ్లకు ఆకలి పుట్టించే మీట యాడుండాదో సూడు ముందు!"

అంతలో గేటు గంట మోగింది. తిమ్మయ్య బాణలి దగ్గరికి పరుగెత్తాడు. ఆట వదిలేసి భూపేష్ వెనకే వచ్చాడు.

"మామా, నాకొక ప్లేటు!"

"ఏ మీటా నొక్కకుండానే వచ్చినావే!"