ఎల్లవ్వ చేతి కరెంటు

ఎల్లవ్వ పొద్దుగాల చాయ తాగి, షెడ్డుల గోనెసంచి పరుచుకొని కూసుంటది. పక్కన డబ్బా నిండ రిలేలు. ఒక్కోటి అగ్గిపెట్టెకన్న చిన్నగ ఉంటది, కింద నాలుగు కాళ్లు. అందుల రెండు సన్న కాళ్లను బొటనవేలుకూ చూపుడువేలుకూ నడుమ పట్టుకుంటది. ఆమె వేళ్లల్ల కరెంటుంది. లోపల "టక్" మంటే కుడిదిక్కు బుట్టల, ఊకుంటే ఎడమదిక్కు చెత్తల.

ఈ కరెంటు ఆమెకు పుట్టంగనే వచ్చింది. సూరత్ దగ్గరి కిమ్ ఊర్ల చుట్టుపక్కల ఆడోళ్లు ఫోన్లు తెచ్చి ఆమె మోకాళ్ల మీద పెట్టిపోతరు, కూర ఉడికినంక వచ్చి తీస్కపోతరు. "నా ఫోను అంచుకు నూకినవేందక్కా, చార్జింగు ఎక్కనే లేదు" అని పేచీలు గుడ పెట్టుకుంటరు. గంత పెద్ద కరెంటేం కాదు. ఫోను ఎక్కుతది, రిలే కొట్టుకుంటది. ఫ్యాను మాత్రం తిరగది.

ట్రాక్టర్లకు మందుకొట్టే పంపులు, లైట్లు, స్టార్టర్ల వైరింగు చేసే షెడ్డు అది. వైర్లు గుంజేది ఎల్లవ్వ పెనిమిటి లింగం. సూరత్ల బట్టలు నేసే సాంచాల మీద పదిహేనేండ్లు చేసి చెవులు పోగొట్టుకున్నడు. గందుకే రిలే చప్పుడు పెండ్లాం వినాలె, ఆమె పెదవులు చూసి ఆయన బిగించాలె.

తాళంచెవి తిప్పితే వచ్చే కరెంటు సన్నది. స్టార్టరుకు కావల్సింది దొడ్డుది. దొడ్డుదాన్ని తాళంచెవిల నుంచే గుంజితే స్విచ్చి మాడి ఊకుంటది. నడుమ రిలే పెడితే సన్నది హుకుం ఇస్తది, దొడ్డుది లేస్తది. లింగం చేసే పనంతా ఇదే.

కరోనా బీమారి రెండోసారి విరుచుకపడ్డ ఏడు, ఎండకాలం. షెడ్డు నడిపే సేఠ్ అగ్గువకు దొరికినయని కొత్త రిలేల డబ్బా తెచ్చిండు. ఓల్పాడ్ ఊరి రైతు ట్రాక్టరుకు అందుల రిలేనే పెట్టుమన్నడు. ఎల్లవ్వ పట్టి చూసింది. "చిట్" మన్నది.

"ఇది స్టార్టరుకు ఆగది సేఠ్. నాలుగుసార్లు తిప్పితే మాడుతది."

"ఎల్లాబెన్, మూత మీద నలభై ఆంపియర్లని రాసి ఉంది. చదువు రాదా?"

"చదువు రాదు. చెవులున్నయి."

సేఠ్ నవ్విండు. "ఫ్యాన్ గుడ తిప్పలేని కరెంటు నీది. నాకు చెప్తవా? చుప్‌చాప్ ఇదే పెట్టించు."

"పెట్టియ్యను."

గా ఒక్క మాట అనేసి, పాత డబ్బాల చెయ్యి పెట్టి, గట్టిగ కొట్టుకున్న రిలే ఒకటి ఏరి లింగం చేతిల పెట్టింది, ఆయన బిగించిండు. సేఠ్ మొఖం మాడ్చుకొని ట్రాక్టరు తాళంచెవి జేబులేసుకొని పోయిండు.

మూడోరోజు పగటాల్ల లింగానికి దమ్ము అందలే. రెండు దినాలసంది జరమున్నది, గోలీలతోని తగ్గుతదనుకున్నరు. ఇప్పుడు పెదవులు నల్లబడ్డయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, ముందట శానమంది ఉన్నరు, ఎప్పుడొస్తమో చెప్పలేమన్నరు. ఆటోలోళ్లు దగ్గు వినంగనే తిరిగిపోయిన్రు. ఎల్లవ్వ సేఠ్‌కు ఫోన్ కొట్టింది.

"ట్రాక్టరు తాళంచెవి ఇయ్యి సేఠ్. ట్రాలీల పండవెట్టి సూరత్ తీస్కపోత."

"గిరాకీది అది. బీమారోన్ని ఎక్కించినవని తెలిస్తే వాపస్ తీసుకుంటడా? ముట్టుకోకు, నేను వస్తున్న" అని పెట్టేసిండు.

ట్రాక్టర్లు నడిపి చూసే దశరథం ఎండల నిలబడి చేతులు నలుపుకుంటుండు. "తాళంచెవి లేకుంట నేనేం చెయ్యాలె వదినా?"

"ఇంజినుకు తాళంచెవి కావాల్నా?"

"స్టార్టరుకే. ఒక్కసారి లేస్తే చాలు, డీజిలు అదే గుంజుకుంటది."

"మరి ట్రాలీ కట్టు."

ఇద్దరు కల్సి లింగాన్ని ట్రాలీల పండవెట్టిన్రు. ఎల్లవ్వ బానెట్ ఎత్తింది. రిలేకు తాళంచెవి దిక్కు నుంచి వచ్చే రెండు సన్న వైర్లు ఊడపీకింది. నౌకరి పోతది, సేఠ్ ఇచ్చిన అర్ర పోతది, పోలీసులొస్తే రానీ. ఈ మనిషి పోతే మాత్రం ఊకోను అనుకున్నది. దినాం పట్టినట్టే ఆ రెండు కాళ్లను వేళ్ల నడుమ పట్టుకున్నది.

టక్.

స్టార్టరు గిర్రున తిరిగింది. ఇంజిను దగ్గింది, పొగ కక్కింది, లేసింది. దశరథం ఎగిరి సీట్ల కూసున్నడు.

గేటు దగ్గర సేఠ్ స్కూటరు అడ్డం పెట్టిండు. "అరే, ఎట్ల తీస్తున్నవ్? తాళంచెవి నా జేబుల ఉంది!"

ట్రాలీల పెనిమిటి తల ఒళ్లె పెట్టుకొని ఎల్లవ్వ అరిచింది. "జేబులనే ఉంచుకో సేఠ్! జర జరుగు!"

దశరథం బ్రేకు తొక్కలే. సేఠే స్కూటరు పక్కకు గుంజుకున్నడు.

గంటన్నర పట్టింది పెద్దాస్పత్రికి. ఇంకో గంటైతే దక్కకపోవునని డాక్టరు అన్నడు. పన్నెండోరోజు లింగం బక్కచిక్కి బయటికొచ్చిండు. "ట్రాక్టరు ఎట్ల లేపినవే?" అని అడిగిండు. ఎల్లవ్వ మూతికి మాస్కుంది, పెదవులు కనబడయి. గందుకని ఆయన అరచెయ్యి గుంజుకొని రెండు వేళ్లు ఆనిచ్చి నొక్కింది. లింగం చెయ్యి జివ్వున ఎగిరింది. సమజైంది ఆయనకు. కండ్లల్ల నీళ్లు పెట్టుకొని నవ్విండు.

తీస్కపోను వచ్చిన దశరథం మెల్లగ అన్నడు, "ఓల్పాడ్ రైతు ఇంకో ట్రాక్టరు తెచ్చిండు వదినా. మొదటిది ఒక్క తిప్పుకే లేస్తుందట, దీనికి గుడ నువ్వు ఏరిన రిలేనే కావాల్నంట. సేఠ్ రమ్మంటుండు."

"గా కొత్త డబ్బా చెత్తల పోసినంకనే వస్తనని చెప్పు."

"నిన్ననే పోసిండు" అన్నడు దశరథం.