అందేంత ఎత్తులో గడియ

వరదకు కొట్టుకుపోయిన వీధి మళ్లీ లేవడానికి అయిదేళ్లు పట్టింది. వడ్రంగిని కాబట్టి మా చెల్లెలి కొత్తింటికి తలుపు నేనే బిగించాను.

"బయటి గడియ నడుమెత్తులో పెట్టన్నయ్యా. పాపకు అందాలిగా" అంది.

నాలుగేళ్ల ఆ పాప వరదలోనే పోయింది. ఒళ్లు మండినా అడిగిన చోటే పెట్టాను.

నెల తిరక్కుండానే గడియ పైకి జరపమని కబురు పెట్టింది. ఇప్పటికి బుద్ధొచ్చిందనుకుంటూ ఉలి, సుత్తి పట్టుకెళ్లాను. గడియ చుట్టూ సన్నని వేళ్ల బురద మరకలు, ఇంకా తడిగానే ఉన్నాయి. ఈ మండుటెండల్లో బురదెక్కడిది?

"ఎంత పైకి?" అన్నాను ఉలి అందుకుంటూ.

"నా భుజం దాకా. ఎంత ఎదిగిందో! వంగి తీయాల్సొస్తోందని రోజూ నా మీద విసుక్కుంటోంది."