పదకొండు లైన్ల జవాబు

పదకొండేళ్ల క్రితం ఒక లెక్కల టీచరు సరదాకి ఒక చిన్న ప్రోగ్రామ్ రాసింది. కుదించిన ఫైళ్లను విప్పడం దాని పని. ఎవరైనా వాడుకోండి, దిద్దండి అని ఇంటర్నెట్‌లో పెట్టింది. ఒక పెద్ద కంపెనీ దాన్ని చక్కగా పట్టుకెళ్లి కోట్ల ఫోన్లలో పెట్టుకుంది. థాంక్స్ అన్న ముక్క లేదు. పెద్దవాళ్లు కదా, తీరికుండదు.

తీరా ఓ ఆదివారం పొద్దున్నే తీరిక దొరికి, ఆమెకు మెయిల్ పెట్టారు. ఆమె ప్రోగ్రామ్‌లో దొంగలు దూరేంత కన్నం ఉందట. సోమవారం సాయంత్రం ఐదింటిలోగా పూడ్చి, ఎనభై నాలుగు ప్రశ్నల ఫారం నింపకపోతే ‘ప్రమాదకరం’ అని లోకానికి చాటుతారట. ఆ ముద్ర పడితే దాన్నిక ఎవరూ ముట్టుకోరు. సెలవులన్నీ ధారపోసి పెంచుకున్నది మరి!

“మీ భద్రతా విభాగం అధిపతి?” ‘నేనే’ అని ఫారంలో రాసింది. “ఆవరణకు కాపలా?” ‘మా అత్తగారు.’

“ఉత్త కాపలా ఏంటే, చీఫ్ అని రాయి,” అంది అత్తగారు వెనకనుంచి తొంగిచూసి.

ఎంత వెతికినా కన్నం కనబడలేదు. మెయిల్ కింద ఉన్న ఇంజనీరు నంబరుకి ఫోన్ చేసింది.

“ఇప్పుడే తెలిసింది మేడమ్,” అని నీళ్లు నమిలాడతను. “మా ఫోన్ల విభాగం వాళ్లు తమ కాపీలో దాన్ని రెండేళ్ల కిందటే పూడ్చేశారు. బయటికివ్వడానికి లీగల్ వాళ్ల పర్మిషన్ రాలేదంతే.”

“మందు మీ జేబులో పెట్టుకుని నన్ను రోగిష్టిదంటారా?”

“అవునండీ,” అన్నాడు పాపం. ఆమెకు నవ్వాగలేదు.

అతను లీగల్ వాళ్ల గుమ్మం దగ్గరే కూర్చుని, సోమవారం మధ్యాహ్నానికి ఆ దిద్దుబాటు పంపించాడు. పదకొండు లైన్లు. స్టాఫ్‌రూములో చదువుకుంది. బాగానే ఉంది. ఒక్క బటన్ నొక్కి తన ప్రోగ్రామ్‌లో కలిపేసుకుంటే గండం గట్టెక్కినట్టే. కానీ దిద్దుబాటు పంపినవాళ్లు, అది పనిచేస్తుందని రుజువు చేసే చిన్న టెస్టు కూడా పంపాలి. అది లేకుండా ఆమె ఇంతవరకూ ఎవరి లైనూ లోపలికి రానివ్వలేదు. గడువు ఇంకా మూడు గంటలే ఉంది. భయంగానే ఉంది. అయినా రాసింది: ‘జవాబు సరే, స్టెప్పులేవి? టెస్టు రాసి మళ్లీ పంపండి.’

నాలుగున్నరకి ఫోన్ మోగింది.

“మేడమ్... టెస్టులో మా జవాబే ఫెయిలైంది. కన్నం సగమే పూడింది. మిగతా సగం మా ఫోన్లన్నిటిలోనూ తెరిచే ఉంది.”

ఆమె లాప్‌టాప్ తెరిచి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“మరి మీ ఐదింటి గడువు?”

“గడువు మీరే చెప్పండి మేడమ్.”

“కంగారు పడకు నాయనా. మొదటి లైను చదువు.”