తోడల్లుళ్ళ గోడ

సరస్సు గట్టున మామగారికి పడవల షెడ్డు ఉండేది. సెలవు రోజుల్లో జనం వచ్చి పడవలు అద్దెకు తీసుకుని, తెడ్డు వెయ్యడం రాక నీళ్ళలో గుండ్రంగా తిరిగి, తడిసి ముద్దయి ఇళ్ళకు పోయేవాళ్ళు. ఆయన పోయాక ఆ షెడ్డు, దాని వెనక ఆరు గదుల పాత ఇల్లు, ముందు నీళ్ళదాకా ఏటవాలుగా పరిచిన కాంక్రీటు నేల, అన్నీ ఇద్దరు కూతుళ్ళకూ వచ్చాయి. కూతుళ్ళకు వచ్చాయంటే అల్లుళ్ళకూ వచ్చినట్టే. చిక్కల్లా ఆ అల్లుళ్ళిద్దరికీ మాటల్లేకపోవడమే.

పెద్దల్లుడు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. చిన్నల్లుడు తాపీమేస్త్రీ. ఒకప్పుడు మేస్త్రీ డ్రైవరింటికి ప్రహరీ కట్టిపెట్టాడు. ఏడాది తిరిగేసరికి దానిమీద జానెడు పగులు కనిపించింది. పగిలితే పగిలింది, చెప్పి బాగుచేయించుకుంటే పోయేది. డ్రైవరు అలా చెయ్యలేదు. ఎవరిదో పెళ్ళి భోజనాల దగ్గర, పదిమందీ వింటుండగా, "మా తోడల్లుడు కట్టిన గోడ పక్కన నిలబడి దగ్గకండి, పడిపోద్ది" అన్నాడు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. మేస్త్రీ తింటున్నవాడు తింటున్నట్టే లేచి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి ఒకే గదిలో ఉన్నా సరే, వాళ్ళ మాటలు పెళ్ళాల మీదుగానే నడిచేవి.

"కుర్చీ కాస్త జరుపుకోమని ఆయనకి చెప్పు."

"జరుపుకున్నానని చెప్పు."

పెద్దామె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి వచ్చిన మనిషి. "ఉద్యోగంలో కూడా ఇన్ని కాల్సు కలపలేదే తల్లీ" అని చెల్లెలి దగ్గర వాపోయేది.

చెల్లెలు బట్టలు కుడుతుంది. మనిషి నెమ్మదే గాని, ఒకటి అనుకుందంటే జరిగి తీరవలసిందే. ఎక్కడో ఓ తోటలో కొన్నాళ్ళు వాలంటీరుగా ఉండి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట.

"దాన్ని పెర్మాకల్చర్ అంటారు బావా."

"పేరు చెప్పడానికే నోరు తిరగట్లేదు. ఇంక పండించేదేంటి?" అన్నాడు డ్రైవరు.

"అడవిలో ఎవరైనా దున్నుతున్నారా, ఎరువేస్తున్నారా? ఆకు రాలుద్ది, అక్కడే కుళ్ళుద్ది, మళ్ళీ చెట్టుకే బలమౌద్ది. మన స్థలం కూడా అట్లా తన పని తను చేసుకునేట్టు అమరుస్తామన్నమాట. కోళ్ళు పురుగుల్ని తింటాయి, కోళ్ళ పెంట మొక్కలు తింటాయి, మొక్కల్ని మనం తింటాం."

"మరి చాకిరీ?"

"వాలంటీర్లు వస్తారు. గదులున్నాయి కదా, ఉండనిస్తాం. భోజనం పెడతాం. వాళ్ళు పని చేస్తారు, నేర్చుకుంటారు."

"జీతం లేకుండానా?"

"లేకుండానే."

డ్రైవరు భార్య వైపు తిరిగాడు. "మీ చెల్లెలికి ఎండదెబ్బ తగిలినట్టుంది, కాసిని నీళ్ళియ్యి."

నిజం చెప్పాలంటే ఆయనకు కోపం తెప్పించింది వాలంటీర్లు కాదు, కాంక్రీటు. ఆ ఆస్తి మొత్తంలో ఆయన మనసుకు నచ్చింది అదొక్కటే. పది బస్సులు వరసగా నిలబెట్టినా తిప్పుకోవడానికి ఇంకా చోటు మిగిలే నేల. చిన్నామె సరిగ్గా దాన్నే పగలగొట్టాలంది. ఆయన మూతి ముడుచుకుని రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు వాన పడింది. వాన వెలవగానే మరదలు ఆయన్ని చెయ్యి పట్టుకుని నీళ్ళ అంచుకు తీసుకెళ్ళింది. ఎన్నేళ్ళుగానో షెడ్డుకు రిపేరుకొచ్చిన మోటారు పడవల ఇంజన్లు కార్చిన నూనె ఆ కాంక్రీటు మీంచి వాననీళ్ళతో జారి, సరస్సు మీద రంగురంగుల తెట్టుగా తేలుతోంది. గట్టువారన చేపపిల్ల ఒక్కటి కదిలితే ఒట్టు.

"ఇదంతా మనింటి నుంచే బావా" అంది.

డ్రైవరు వంగి ఆ తెట్టును వేలితో తాకి చూసుకున్నాడు. మర్నాడు పొద్దున తన పాత డిపోలో తెలిసినవాళ్ళ దగ్గర ఆరు సమ్మెటలు, నాలుగు గునపాలు, నాలుగైదు ఒంటిచక్రం తోపుడు బళ్ళు పట్టుకొచ్చి షెడ్డులో పడేశాడు.

వచ్చే ఆదివారం పని మొదలన్నారు. కబురుపెట్టే బాధ్యత పెద్దామె నెత్తిన వేసుకుంది. ఫోను చేతికొస్తే ఆవిడకు పాత రోజులు గుర్తొస్తాయి. ముప్పైమందికి చేసింది. పదిమంది వస్తే గొప్ప అని ఆవిడ లెక్క. మర్యాదకి అందరితోనూ, "మీరొక్కరే ఏం వస్తారు, తోడు ఎవరినైనా తెచ్చుకోండి" అంది.

ఆదివారం పొద్దున్నే ముందు ఓ నర్సమ్మ తన అన్నతో కలిసి స్కూటరు మీద దిగింది. తర్వాత జుట్టు కత్తిరించే దుకాణం ఆవిడ, తన దగ్గర పనిచేసే ముగ్గురు పిల్లలతో. ఆ వెనక రిటైరైన బ్యాంకు క్యాషియరు, భార్య, ఇద్దరికీ ఒకే రకం టోపీలు. ఆ తర్వాత లెక్క తప్పింది. ఫోను చేసినవాళ్ళంతా వచ్చారు, వచ్చినవాళ్ళంతా తోడు తెచ్చుకున్నారు, కొందరి తోడుకు కూడా తోడున్నారు. రోడ్డు మీంచి ఇంకా దిగుతూనే ఉన్నారు.

చిన్నామె ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, అన్నం ఎంతమందికి పెట్టావు?"

"పదిహేనుమందికి."

అంతే. అక్కాచెల్లెళ్ళిద్దరూ కొంగు బిగించి వంటింట్లోకి పరిగెత్తారు. మధ్యాహ్నందాకా బయటికొస్తే ఒట్టు.

ఇక బయట మిగిలింది అరవైమంది పైచిలుకు జనం, ఆరు సమ్మెటలు, మాటల్లేని ఇద్దరు తోడల్లుళ్ళు.

మొదటి గంట చూడాలి. చేతికి సమ్మెట దొరికినవాడు దొరికినచోట బాదుతున్నాడు. పెచ్చులు లేస్తున్నాయే తప్ప నేల చెక్కుచెదరడం లేదు. ఒక సమ్మెట పిడి విరిగింది. క్యాషియరుగారు దమ్ము తీసుకోవడానికి బోర్లించిన పడవ మీద కూలబడ్డాడు. మేస్త్రీ ఓ మూల చేతులు కట్టుకుని కాసేపు ఓర్చుకున్నాడు. చివరికి ఆయన వల్ల కాలేదు.

"ఆగండి బాబూ, ఆగండి! నడిమధ్యలో కొడితే మీ భుజాలు పోతాయిగాని అది పోదు."

గునపం తీసుకుని అంచు కిందికి దూర్చి, తన బరువంతా వేసి ఎత్తాడు. పలక అంగుళం లేచింది. నర్సమ్మ అన్నతో దాని కింద రాయి పెట్టించాడు. "ఇప్పుడు కొట్టమ్మా, ఇక్కడ" అని నర్సమ్మ చేతికి సమ్మెట ఇచ్చాడు. ఒకే ఒక్క దెబ్బ. జారవిడిచిన పింగాణీ పళ్ళెంలా పలక నిలువునా చీలింది. జనం చప్పట్లు కొట్టారు. నర్సమ్మ తన చేతుల్ని తనే నమ్మలేనట్టు చూసుకుంది. దూరంగా నిలబడ్డ డ్రైవరు కూడా 'పర్లేదే' అనుకున్నాడు, లోపల్లోపలే.

అక్కణ్ణుంచి ముక్కలు గబగబా ఊడిరావడం మొదలెట్టాయి. వాటిని బయట పారెయ్యడానికి కాదు. ఆ ఏటవాలు నేలను మూడు మెట్లుగా చేసి, మెట్టు మెట్టుకీ ఆ ముక్కలతోనే గోడ పేర్చాలి, సిమెంటు లేకుండా. వాననీళ్ళు దూకకుండా మెట్టు మెట్టునా ఆగి నేలలోకి ఇంకాలన్నది చిన్నామె ఆలోచన. మేస్త్రీ కిందకు దిగి గోడ అందుకున్నాడు. పైన బళ్ళు తొయ్యడం మొదలైంది. దాంతో రెండో గందరగోళం. దిగే బండికి ఎక్కే బండి అడ్డం, రెండింటికీ మనుషులు అడ్డం.

ఇది డ్రైవరు చూసి ఊరుకోగలిగే సంగతి కాదు. జీవితమంతా రద్దీలోనే గడిపినవాడు. క్యాషియరుగారిని లేపి ఆ పడవ ఎక్కి నిలబడ్డాడు.

"నిండు బళ్ళు ఎడమ పక్క! ఖాళీ బళ్ళు కుడి పక్క! మధ్యలో ఎవరూ నిలబడొద్దు! మీరే, ఎర్ర చొక్కా, కబుర్లు తర్వాత! మిగతావాళ్ళు బారుగా నిలబడి చేతులు మార్చండి!"

బస్సు హారను అవసరం లేని గొంతు ఆయనది. పది నిమిషాల్లో ఆ మంద బారులు తీరింది. బళ్ళు దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి, ముక్కలు చేతులు మారుతున్నాయి. పైనుంచి చూస్తుంటే ఆయన ఛాతీ ఒక అంగుళం పెరిగింది. అప్పుడే ఒక సంగతి ఆయన కంటపడింది. కింద మేస్త్రీ ఒక్కో ముక్క పెట్టి లేచి, గుట్టలో కావలసిన సైజు వెతుక్కుని, మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాడు. అడుగు వరసకి పెద్దవి ముందు రావాలన్నమాట. ఈ సంగతి మేస్త్రీకి చెప్పి, ఎట్లా కావాలో కనుక్కోవాలి. అలవాటు చొప్పున డ్రైవరు భార్య కోసం చూశాడు. ఆవిడ వంటింట్లో ఉంది. పక్కనున్న నర్సమ్మను పిలిచాడు.

"అమ్మా, పెద్ద ముక్కలు ముందు పంపించమంటాడేమో ఆయన్ని అడుగు."

నర్సమ్మ ఆయన్నీ, మేస్త్రీనీ మార్చి మార్చి చూసింది. "పది అడుగుల దూరంలోనే ఉన్నారు కదండీ. మీరే అడగొచ్చుగా?"

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. తనే తేల్చుకుని, పెద్ద ముక్కలు ఎడమ గుట్టకి, చిన్నవి కుడి గుట్టకి మళ్ళించాడు. కింద మేస్త్రీ చెయ్యి చాపితే కావలసిన ముక్క చేతికే అందింది. ఒకసారి తలెత్తి పైకి చూశాడు. మళ్ళీ పనిలో పడ్డాడు.

భోజనాల వేళ దగ్గరపడుతుండగా జరిగింది. జుట్టు దుకాణం ఆవిడ తోస్తున్న నిండు బండి రాయి తగిలి చేతుల్లోంచి జారింది. ఏటవాలు నేల, బండెడు కాంక్రీటు. నేరుగా మేస్త్రీ వీపు మీదికే వెళ్తోంది. డ్రైవరు పైప్రాణాలు పైనే పోయాయి.

"తమ్ముడూ! ఎడమకి!"

మేస్త్రీ వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరని అడగలేదు. ఎడమకి దూకాడు. బండి అతని పక్కనుంచి దూసుకుపోయి, గట్టు మీద ఎగిరి, అంతెత్తు నీళ్ళు లేపుతూ సరస్సులో పడింది.

మేస్త్రీ మట్టి దులుపుకుంటూ లేచి, పడవ మీద కొయ్యబారి నిలబడ్డ తోడల్లుడి వైపు చూశాడు.

"ఇన్నేళ్ళకి నోరు విప్పి పలకరించే పద్ధతి ఇదా అన్నయ్యగారూ?"

డ్రైవరు పడవ దిగాడు. ఏం తోచక, అప్పటికి నడుమెత్తు లేచిన గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. గట్టిగా దగ్గాడు. మళ్ళీ దగ్గాడు, ఈసారి కడుపులోంచి. గోడ కదల్లేదు.

చుట్టూ ఉన్నవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. నర్సమ్మ "నీళ్ళు కావాలా అండీ?" అని కంగారుపడింది. మేస్త్రీకి మాత్రం అర్థమైంది. ముందు పెదవులు అదిరాయి, తర్వాత గోడ మీద చెయ్యి వేసుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు విని వంటింట్లోంచి అక్కాచెల్లెళ్ళు గరిటెలతోనే బయటికొచ్చారు.

"ఏమైంది?" అంది పెద్దామె.

"ఏం లేదు, మేం మాట్లాడుకుంటున్నాం" అన్నాడు డ్రైవరు.

ఆవిడ చెల్లెలి భుజం పట్టుకుంది. లోపలికెళ్ళి ఇంకో గిన్నె అన్నం వండింది.

పొద్దు వాలేసరికి మూడు మెట్లూ లేచాయి. అంత మాత్రాన తోట వచ్చెయ్యలేదు. కాంక్రీటు కింద బయటపడిన నేల పాలిపోయి, ఇటుకలా గట్టిగా ఉంది. మొదటి పంటగా వేసిన టమాటాల్లో సగం మాడిపోయాయి. నూనె ఇంకిన మూల పొద్దుతిరుగుడు తప్ప ఇంకేం మొలవలేదు. పురుగులు తింటాయని తెచ్చిన బాతులు చిక్కుడు తీగల్ని మొదలంటా తినేశాయి. అయినా జనం రావడం మానలేదు. నలుగురైదుగురు చొప్పున వచ్చి, ఆరు గదుల్లో సర్దుకుని, ఎండాకులు, గడ్డి, పేడ పొరలు పొరలుగా పరిచి, కాస్త నేర్చుకుని, కాస్త నేర్పి వెళ్ళారు. రెండో వానాకాలానికి నేల నల్లబడింది. పిడికెడు తీస్తే వానపాములు. మెట్ల మీద గుమ్మడి, బెండ, ఆకుకూరలు, వాటి నడుమ మామిడి, జామ మొక్కలు. గట్టువారన నీళ్ళు తేటపడ్డాయి. ఓ పొద్దున చేపపిల్లల గుంపు కనిపిస్తే డ్రైవరు అందర్నీ కేకేసి లేపాడు.

తోట చూడ్డానికి వచ్చినవాళ్ళని తిప్పే పని ఇప్పుడు ఆయనదే. పెర్మాకల్చర్ అన్న మాట గడగడా పలుకుతాడు. గోడ దగ్గరికి రాగానే, "సిమెంటు చుక్క లేదు, మా తమ్ముడు కట్టాడు" అని ఆగుతాడు. ఎదుటివాళ్ళు తగినంత ఆశ్చర్యపోకపోతే మళ్ళీ చెబుతాడు.

ఆ ఆదివారం వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తే తిన్నగా గోడ దగ్గరికే పోతారు. మొన్న నర్సమ్మ వాళ్ళమ్మని తీసుకొచ్చి, రెండో మెట్టు మూలనున్న పెద్ద ముక్క తడిమి, "ఇది నేను మోసిందే అమ్మా" అంది. పోయిన నెల క్యాషియరుగారు కూడా ఆ ముక్కనే చూపించి అదే మాటన్నాడు. డ్రైవరు ఇద్దరితోనూ, "అవునవును, మీరే, నాకు బాగా గుర్తు" అన్నాడు.

నర్సమ్మ వచ్చి వెళ్ళిన సాయంత్రం భార్యతో కలిసి మెట్ల మీద చిక్కుళ్ళు కోస్తూ, ఆయన కూడా ఒక ముక్క మీద చెయ్యి వేశాడు. "ఇది మాత్రం నేను పెట్టిందే."

"నువ్వా? ఆ రోజు ఒక్క రాయైనా ముట్టుకున్నావా?" అంది ఆవిడ. "పడవెక్కి చేతులూపుతూ నిలబడ్డావుగా. వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

"ఊపకపోతే ఇంత గోడ లేచేదా?"

ఆవిడ గోడ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది. కింద మెట్టు మీద చెల్లెలు, మరిది బాతుల్ని తోలుతున్నారు.

"లేచేది కాదులే" అని, చిక్కుళ్ళ బుట్ట ఆయన చేతికిచ్చింది.