ముడి వేయని తాడు

నేను ఒక లంగరును. పూడిమడక తీరంలో వలల పాక వెనుక, ఒక కొక్కెం విరిగి, ఉప్పుగాలికి పొరలు పొరలుగా రాలిపోతూ పడి ఉన్నాను. విశాఖలో ఒక కమ్మరి కొలిమిలో, ముక్కలు చేసిన పాత ఓడ ఇనుముతో నన్ను చేశారు. నా అంత బరువైనది లేదనుకునేదాన్ని. సముద్రం దిగేదాకా అందరం అలాగే అనుకుంటాం.

నన్ను కొన్నవాడు సూరాడ ఎల్లాజీ. కొత్తగా ఫైబర్ పడవ దించాడు. మాటకారి. అతని మామ కాశయ్య మాత్రం తెప్పల మీద జీవితం గడిపిన మనిషి. ఇంజను ముట్టుకుని ఎరుగడు, అల్లుడి గొప్పలను నమ్మనూ నమ్మడు. "నా పడవ ఎక్కి సూడు మావా" అని ఎల్లాజీ ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాడు.

నీటి అడుగున రాళ్లున్న చోట చేపలెక్కువని అక్కడ ఇంజను ఆపాడు. మామ చూస్తుండగా నన్ను తల చుట్టూ తిప్పి దర్జాగా విసిరాడు. నా వెంట తాడు సరసరా జారింది. జారి జారి, దాని కొస కూడా పడవ అంచు దాటి నీళ్లలో పడింది.

"కొస కట్టనేదేటి?" అన్నాడు కాశయ్య.

ఎల్లాజీ వెంటనే నీళ్లలోకి దూకేశాడు.

అప్పటికి నేను అడుగున రాళ్ల మధ్య ఇసుకలో కూరుకున్నాను. నీళ్లు పచ్చని గాజులా ఉన్నాయి. నా తాడు నీటి ప్రవాహానికి వంగి నడినీటిలో ఊగుతోంది. వెలుగులోంచి ఎల్లాజీ దిగివచ్చి దాని కొస అందుకున్నాడు. అదే సమయంలో మా మీద నీడ పడింది.

మబ్బేమో అనుకున్నాను. కాదు, ఒంటినిండా తెల్లని చుక్కలున్న సొర. తల దాటింది, ఒళ్లు దాటుతూనే ఉంది, తోక ఇంకా రాలేదు. చిన్న చేపలు దాని కడుపు కింద పిల్లల్లా ఈదుతున్నాయి. అది తొందరపడలేదు. ఎల్లాజీ పక్కనుంచి వెళుతూ చిన్న కన్ను తిప్పి అతన్ని చూసింది. అతను ఊపిరి సంగతి కూడా మరిచి అలాగే వేలాడాడు. నా బరువు మీద నాకున్న గర్వం ఆ నీళ్లలోనే కరిగిపోయింది.

అతను పైకి తేలేసరికి పడవ అక్కడ లేదు. కట్టని పడవ కొట్టుకుపోదూ? అలలు విరుచుకుపడే కొండరాళ్ల వైపు అది పోతుంటే, కాశయ్య ఎన్నడూ ముట్టని ఇంజను తాడును పిచ్చిగా లాగుతున్నాడు. ఎల్లాజీ నా తాడు పట్టుకుని, తానే పడవైనట్టు నడిసముద్రంలో నిలబడిపోయాడు. రాళ్ల నురుగు పడవ మీద చిందుతుండగా ఇంజను దగ్గి, మొదలైంది. కాశయ్య వంకరటింకరగా నడుపుకుంటూ తిరిగొచ్చి అల్లుణ్ణి, ఆ తర్వాత నన్నూ పైకి లాగాడు.

ఆయాసం తీరాక, "లంగరు పడవకి కడతారు గానీ మడిసికి కడతారేటి?" అన్నాడు.

మాటకారి అల్లుడు ఒక్కటే మాట అన్నాడు. "మావా, అది నన్ను సూసింది."

"ఏది?"

ఎల్లాజీ ఎంత పెద్దదో చూపబోయి రెండు చేతులూ చాపాడు. చాలక దించేశాడు. కాశయ్య నవ్వలేదు.

"మా అయ్య సెప్పేవోడు. ఇన్నేళ్లు తిరిగినాను, నాకు కనపళ్లేదు" అన్నాడు మెల్లగా. తర్వాత నన్ను తీసుకుని, తాడు కొసను తన చేత్తోనే పడవకు బిగించాడు.

ఒడ్డున మాత్రం ఆయన తాడు సంగతి దాచలేదు. ఊరు ఊరంతా 'లంగరు ఎల్లాజీ' అని పేరు పెట్టింది. మనుషులకు ఒకరి పొరపాటు దొరికితే వదలరు కదా. ఎల్లాజీ కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు.

నా కొక్కెం విరిగేదాకా అతనితోనే ఉన్నాను. నన్ను విసిరే ముందు ప్రతిసారీ అతను పడవ అంచు మీద వంగి కాసేపు ఆగేవాడు. ముడి చూసుకుంటున్నాడని తోటివాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు. అతను చూసేది నీళ్లలోకి.