పాప ఆగితే టీచర్ ఆగేది

మా పాపను తీసుకెళ్ళే థెరపీ కేంద్రానికి పెద్దసారు అని ఒక మహానుభావుడు ఉన్నాడు. ఆటిజం గురించి ఓనమాలు రావు గానీ, కనబడిన తల్లికల్లా ఊకదంపుడు ఉపన్యాసం ఇస్తాడు. పొద్దున్నే ఆయన చేసే మొదటి పని, రిసెప్షన్‌లో తన ఫొటో తుడిపించడం.

డాన్స్ థెరపీ టీచర్ పద్ధతి వేరు. ఆరేళ్ళ మా పాప చాప మీద కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగితే, ఆవిడ ఎదురుగా కూర్చుని అలాగే ఊగేది. పాప వేళ్ళు ఆడిస్తే తనూ ఆడించేది. నాలుగు నెలలు ఇదే పని. ఐదో నెలలో ఒకరోజు పాప ఊగుతూ ఊగుతూ ఆగింది. టీచరూ ఆగింది. పాప ఓరకంట చూసి మళ్ళీ ఊగింది, మళ్ళీ ఆగింది. కన్నతల్లినైన నా ముఖమే ఎన్నడూ చూడని పిల్ల, ఆవిడ ముఖంలోకి చూసి నవ్వింది. తలుపు దగ్గర నిలబడి ఏడ్చేశాను.

అప్పుడే పెద్దసారు తొంగిచూశాడు.

"పిల్లకి నువ్వు నేర్పుతున్నావా, నీకు పిల్ల నేర్పుతోందా? వచ్చే వారం అతిథులొస్తున్నారు. పాప చేతులెత్తి డాన్స్ చెయ్యాలి."

"ఇప్పుడిప్పుడే నమ్ముతోంది సార్. చెయ్యి పట్టి ఆడిస్తే మళ్ళీ మొదటికొస్తుంది," అంది టీచర్.

"నమ్మకం ఫొటోలో పడదమ్మా!"

ఇలాంటివాడికి కుర్చీ వేసినవాళ్ళని అనాలి. టీచర్ నా వైపు తిరిగింది.

"మీరు వద్దంటే ఎవరూ బలవంతం చెయ్యలేరండీ."

'మా వదిన కూతురు ఉలకదు పలకదు' అని చుట్టాలందరికీ చెప్పుకునే ఆడపడుచు గుర్తొచ్చింది. దాని నోరు ఒక్కసారి మూయించాలనిపించింది.

"ఒక్కరోజే కదండీ," అన్నాను.

టీచర్ తన వల్ల కాదంది. పెద్దసారే వారమంతా పాప వెనక నిలబడి, మణికట్లు పట్టుకుని చేతులు ఎత్తించాడు, దించాడు. పాప మొదట్లో అరిచింది. తరవాత అరవడం మానేసింది. దాన్ని ఆయన ప్రగతి అన్నాడు.

అతిథులొచ్చిన రోజు పాప ఒక్క తప్పు చెయ్యలేదు. "మన పాపేనా వదినా!" అని, నేను పిలిస్తే వచ్చిన ఆడపడుచు నోరు తెరిచింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

సోమవారం టీచర్ చాప మీద కూర్చుంది. పాప ఊగలేదు. గోడకేసి తిరిగి చేతులెత్తింది, దించింది. టీచరూ ఎత్తి దించింది. పాప చూడలేదు. టీచర్ ఆగింది. పాపకు పట్టలేదు.

పెద్దసారును తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆయన మూర్ఖుడు, తెలియక చేశాడు. నాకు తెలుసు. వెళ్ళి పాప ఎదురుగా కూర్చుని చేతులు చాచాను. నా ముఖం చూడకుండానే, పట్టుకోమని తన రెండు మణికట్లూ నాకు అందించింది.