జీరో బిల్లు

ఫ్రిజ్ తలుపు తెరిచి పిండి ప్యాకెట్లు సర్దుతుంటే వెనక నుంచి మా ఆయన గొంతు. "ఎంత సేపు తెరిసి పెడ్తవే? యూనిట్లు ఉరుకుతున్నయ్." పరమేశ్వర్ పొద్దున లేవగానే దేవుడి కంటే ముందు మీటరు ముఖం చూస్తాడు. నెలకు రెండు వందల యూనిట్లు దాటకపోతే మాకు జీరో బిల్లు. ఒక్కటి దాటినా మొత్తం కట్టాల్సిందే. దాటకుండా చూడటం ఆయన పని. దాటకుండా చేయడం నా పని. వాషింగ్ మెషీన్ మీద రెండేళ్లుగా దుప్పటి కప్పి ఉంది. నలుగురి బట్టలూ చేత్తోనే ఉతుకుతాను. ఎండాకాలంలో కూడా వంటింట్లో ఫ్యాన్ వేసుకోను. గ్రైండర్‌కు మాత్రం ఆయన ఒప్పుకున్నాడు, ఎందుకంటే బోధన్‌లో నాలుగు వీధులకు ఇడ్లీ పిండి అమ్మి మా పాప స్కూలు ఫీజు కట్టేది నేనే. "మా ఇంట్ల రెండేండ్ల సంది జీరోనే" అని బజార్లో చెప్పుకుంటాడు. విన్నవాళ్లు ఆయన్ని మెచ్చుకుంటారు. సబ్బు తిన్న నా వేళ్ల సందులు ఎవరికి కనబడతాయి?

ఆ ఫ్రిజ్ నా పెళ్లి నాటిది. రబ్బరు ఊడిపోయి తలుపు నిలవదు. పాత చున్నీతో కట్టేస్తాను. దీపావళి ముందు కరెంటు ఆఫీసు వాళ్లు ఒక స్కీము పెట్టారు. పాత ఫ్రిజ్ అప్పజెప్పి కరెంటు తక్కువ తాగే ఐదు స్టార్లది కొంటే ఐదు వేలు వాపసు ఇస్తారట. ఆ వారమే నిజామాబాద్ వెళ్లి ఆత్మారాం షాపులో ఒకటి చూసుకున్నాను. ముదురు ఎరుపు రంగు. స్టిక్కర్ మీద వరుసగా ఐదు స్టార్లు. తలుపు మెత్తగా మూసుకుంది. ఆ చప్పుడు విని నాకు ఎంత ఆశ పుట్టిందో! ఇది వస్తే పిండి పులిసిపోదు, ఇంకో రెండు వీధులకు అమ్మొచ్చు, యూనిట్లూ తగ్గుతాయి.

అయితే స్కీముకు మీటరు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే సంతకం చేయాలి. మా మీటరు మామయ్య కాశయ్య పేరు మీద ఉంది. షుగర్ ఫ్యాక్టరీలో చెమటోడ్చి ఈ ఇల్లు కట్టిన మనిషి. ఆయన పోయి తొమ్మిదేళ్లు. బిల్లు వచ్చిన ప్రతిసారీ అత్తమ్మ పెంటవ్వ దాన్ని కళ్లకద్దుకుని ఆయన ఫోటో వెనక దోపుతుంది. ఆమెకు చదువు రాదు. కానీ ఆ కాగితం మీద ఆయన పేరు ఎక్కడుంటుందో వేలు పెట్టి చూపిస్తుంది.

పేరు మార్పించాలని, దానికి ఆమె వేలిముద్ర కావాలని చెప్పగానే ఆమె ముఖం చిన్నబోయింది. "రేషన్ కార్డుల కొట్టేసిండ్రు. ఓట్ల లిస్టుల కొట్టేసిండ్రు. గీ కాయితం మీదనన్నా ఆయనను ఉండనియ్యరా బిడ్డా?" నాకూ ఏడుపొచ్చింది. మా ఆయనకు చెబితే, "గవన్నీ ఆడోళ్ల ముచ్చట్లు. నువ్వే సముదాయించు" అని బండి తీసుకుని పోయాడు. ఇంటి పనుల్లో ఇంకొకటి కలిసింది. అత్తమ్మ దుఃఖం తగ్గేదాకా ఆగడం.

నెల దాటింది. డిసెంబరులో ఒక పొద్దున చున్నీ ముడి ఊడి తలుపు తెరుచుకుంది. పిండి మొత్తం పులిసి పొంగి నేల మీదికి జారింది. నేను మోకాళ్ల మీద కూర్చుని తుడుస్తుంటే అత్తమ్మ ఇంకో గుడ్డ తెచ్చి నా పక్కన కూర్చుంది. తానూ నేల తుడిచింది. తర్వాత, "పా బిడ్డా, ఏలు ముద్ర యేస్త" అంది.

ఎవరి పేరుకు మార్చాలని ఆఫీసులో అడిగారు. "ఇంకెవ్వరిది? నాదే" అన్నాడు మా ఆయన. వేలిముద్ర వేసిన అత్తమ్మ ఉంది, కాగితాలు పట్టుకుని నాలుగుసార్లు తిరిగిన నేను ఉన్నాను. మా ఇద్దరిలో ఎవరి పేరూ అక్కడ ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

పేరు మారేసరికి జనవరి సగం గడిచింది. వెంటనే నిజామాబాద్ బస్సెక్కాను. షాపులో అదే ఎరుపు ఫ్రిజ్, అదే మెత్తని తలుపు. స్టిక్కర్ మీద మాత్రం నాలుగే స్టార్లున్నాయి.

"జనవరి సంది స్టార్ల లెక్క మారిందక్కా. పాత స్టిక్కర్లవి అమ్ముడువోయినయ్, గిది కొత్త లాటు" అన్నాడు ఆత్మారాం.

"ఫ్రిజ్ ఏమన్నా మారిందా?"

"ఫ్రిజ్ గదే. కొలతలు పెంచిండ్రు. వాపస్ ఐదు స్టార్లకే ఇస్తరు. గిప్పుడు ఐదు స్టార్లది గావాల్నంటే ఇంకో ఎనిమిది వేలు ఎక్కువైతది."

తిరుగు బస్సు ఎడపల్లి దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్క సీటావిడ కడుపునొప్పా అని అడిగింది. అవునన్నాను. ఈ ఇంట్లో నా కొలతలూ ఇలాగే పెరిగాయి. మొదట వండితే చాలన్నారు. తర్వాత నాలుగు రూపాయలు తెస్తే మంచి కోడలన్నారు. ఇప్పుడు యూనిట్లు కూడా మిగల్చాలి. నేను చేసే పని ఏనాడూ తగ్గలేదు. ఏటా నాకో స్టార్ మాత్రం పోతూనే ఉంది.

ఇంట్లో చెప్పగానే మా ఆయన తేలికపడ్డాడు. "మంచిగే అయింది. పిండి బంద్ వెట్టు. గ్రైండరుండది, ఫ్రిజ్ గూడ బంద్ జెయ్యొచ్చు. జీరో బిల్లుకు ఫికరే ఉండది." పాప ఫీజు సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

అత్తమ్మ ఫోటో వైపు చూస్తూ, "గిందుకేనా బిడ్డా, ఆయన పేరు తీసేయించింది?" అంది.

నేను లేచి రోజూలాగే మినప్పప్పు నానబోశాను. తర్వాత వాషింగ్ మెషీన్ మీది దుప్పటి తీసి మడతపెట్టాను. విడిచిన బట్టలన్నీ అందులో వేసి స్విచ్ నొక్కాను. మెషీన్ గడగడమంటూ కదిలింది. మా ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"ఏందే ఇది? మీటరు రీడింగుకు ఇంక మూడు దినాలే ఉన్నయ్. యూనిట్లు నూట ఎనభై అయినయ్!"

"ఎరుకనే" అన్నాను. వంటింట్లో ఫ్యాన్ కూడా వేసుకుని కూర్చున్నాను.

ఇన్నేళ్లు ఊరికే పోయిన నా పనికి ఈ ఇంట్లో మొదటిసారి బిల్లు రాబోతోంది, అదీ ఆయన పేరు మీద.